మద్యంలో నానిన సిస్టాంకీ, నీటిలో కాగిన సిస్టాంకీ: ఒక దీర్ఘకాల మలబద్ధకం కేసు

రోగికి 71 ఏళ్లు. ఇన్నర్ మంగోలియాలోని అల్షా ఎడారి ప్రాంతంలో, జిలాన్‌తాయ్ ఉప్పు సరస్సు దగ్గర లారీ నడిపి రిటైరయ్యారు. హలాన్ పర్వతాలకు ఇవతల యిన్‌చువాన్‌లో ఉంటున్న కొడుకు ఆయనను మా ఔట్‌పేషెంట్ విభాగానికి తీసుకొచ్చారు. చైనా సంప్రదాయ వైద్యం, ఆధునిక పరీక్షలు ఒకే చోట నడిచే విభాగం మాది. ప్రధాన బాధ నాలుగేళ్లుగా ముదురుతున్న మలబద్ధకం. ఐదారు రోజులకు ఒకసారి విరేచనం, అదీ సునాముఖి ఆకు టీ తాగితేనే. నడుము, మోకాళ్లు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవాలి. రోగి అనుమతి తీసుకుని, ఆయనను గుర్తుపట్టగల వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను.

కొడుకు సంచిలోంచి ఒక పెద్ద గాజు సీసా తీసి బల్ల మీద పెట్టారు. తేనె రంగు మద్యంలో బొటనవేలంత మందం ముక్కలు అడుగున పడి ఉన్నాయి. "డాక్టర్ గారూ, నాన్న రోజూ రాత్రి ఒక చిన్న గ్లాసు తాగుతారు. మా పెదనాన్న కొడుకు తోటలో పండిన సరుకే, నకిలీ కాదు. పేగులకు మంచిదని అందరూ అంటారు. తాగడం మొదలుపెట్టాక ఇంకా పాడైంది" అన్నారు. పెద్దాయన అడ్డుపడ్డారు. "మందు మంచిదే. నా ఒంట్లోనే సత్తువ లేదు."

సీసాలో ఉన్నది సిస్టాంకీ అనే ఎడారి పరాన్న మొక్క కాండం. చైనా వైద్యంలో దాని పేరు రౌ త్సోంగ్‌రోంగ్. పెద్దాయన చెప్పినదాంట్లో సగం నిజం. వృద్ధుల్లో నీరసంతో వచ్చే మలబద్ధకానికి సంప్రదాయ గ్రంథాలు ముందు వరసలో చెప్పే మూలిక ఇదే. ఆయన లక్షణాలన్నీ ఆ వర్ణనకు అచ్చంగా సరిపోతున్నాయి. మరి తగిన మనిషికి, తగిన మూలిక, అసలు సరుకు దొరికినా ఎందుకు పనిచేయలేదు? ఈ కేసులో నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే.

ముందుగా తేల్చుకోవలసినవి

మూలిక సంగతి ఆలోచించే ముందు ప్రమాదకరమైన కారణాలు లేవని నిర్ధారించుకోవాలి. ఈ వయసులో మలవిసర్జన తీరు మారిందంటే పెద్దపేగు క్యాన్సర్ లేదని తేలేదాకా నేను ఏ కషాయమూ రాయను. కొలనోస్కోపీలో గడ్డలు, పుండ్లు లేవు. కానీ పేగు లోపలి పొర చాలా దూరం గోధుమ, నలుపు కలిసిన రంగుకు తిరిగి ఉంది. దీన్ని మెలనోసిస్ కొలై అంటారు. సునాముఖి, కలబంద, చైనా రేవల్చిని వంటి ఆంత్రాక్వినోన్ మూలికలను నెలలు, ఏళ్ల తరబడి వాడినవారిలో కనిపిస్తుంది. అది హానికరమైన మార్పు కాదు, ఆకు మానేస్తే క్రమంగా తగ్గుతుంది. అయితే ఎంత సునాముఖి తాగానో రోగి చెప్పిన లెక్క కంటే ఆ రంగు నాకు ఎక్కువ చెప్పింది.

థైరాయిడ్, రక్తంలో చక్కెర, కాల్షియం, క్రియాటినిన్ మామూలుగానే ఉన్నాయి. పొటాషియం మాత్రం లీటరుకు 3.3 మిల్లీమోల్స్‌కు పడిపోయింది. విరేచనకారులు ఎక్కువగా వాడితే పొటాషియం మలంతో పోతుంది. అది తగ్గితే పేగు కండరాల కదలిక మందగిస్తుంది. అప్పుడు మనిషి ఇంకాస్త సునాముఖి వేసుకుంటాడు. ఈ చక్రంలో చిక్కుకున్నవారు మా దగ్గరకు తరచుగా వస్తారు. అందులో చాలామంది ఆకు కాబట్టి హాని లేదని నమ్మేవారే.

మలద్వార పరీక్షలో, ముక్కినప్పుడు కండరం సరిగానే సడలుతోంది. కాబట్టి అడ్డంకి అక్కడ లేదు. ప్రోస్టేట్ పెరిగి ఉంది, ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష మామూలే. రాత్రి మూత్రం సంగతి యూరాలజీ వారికి అప్పగించాం. రక్తపోటు 158/92. ఆమ్లోడిపిన్ రోజూ వేసుకుంటున్నా అంత ఉంది. ఎముకల కోసమని ఒక బంధువు ఇచ్చిన కాల్షియం కార్బొనేట్ మాత్రలు కూడా మింగుతున్నారు. అవి మలాన్ని గట్టిపరుస్తాయి. ఎవరూ రాసిచ్చినవి కావు కాబట్టి ఆపించాం. రక్తం పలచబరిచే మందులేవీ వాడటం లేదు. తర్వాత ఇవ్వబోయే కషాయంలో ఆ మందుల ప్రభావాన్ని పెంచగల దాంగ్ గుయి అనే వేరు ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్న తప్పక అడగాలి.

సంప్రదాయ పరీక్షలో నాలుక పాలిపోయి, ఉబ్బి, అంచుల్లో పళ్ల గుర్తులతో ఉంది. నాడి లోతుగా, బలహీనంగా ఉంది, మూత్రపిండాలకు చెందినదిగా భావించే స్థానంలో మరీ. మలం ప్రతిసారీ గట్టిగా ఉండదు, కొన్నిసార్లు మెత్తగా ఉన్నా బయటికి నెట్టే శక్తి ఉండదు. మూత్రం తెల్లగా, ఎక్కువగా వస్తుంది. చలి పడదు. ఇవన్నీ కలిపి చైనా వైద్యం మూత్రపిండాల యాంగ్, అంటే ఒంటికి వెచ్చదనం ఇచ్చే శక్తి, క్షీణించి వచ్చిన మలబద్ధకం అంటుంది. స్కానింగులో కనిపించే మూత్రపిండాల జబ్బుతో దీనికి సంబంధం లేదని కొడుక్కి విడిగా చెప్పాను. కంగారు పడి ఆయన అప్పటికే ఎక్కడో ఫోనులో వెతుకుతున్నారు.

సీసాలో ఏముంది

సిస్టాంకీకి ఆకుపచ్చదనం ఉండదు. పత్రహరితం లేదు, నేలలోంచి సొంతంగా నీరు తాగే వేళ్లూ లేవు. సాక్సాల్ అనే ఎడారి పొద వేరుకు అతుక్కుని, దాని నీరు, దాని ఆహారంతోనే ఇసుక కింద కండ పెంచుకుంటుంది. పొగాకు చేలల్లో తెలుగు రైతులను పీడించే మల్లె కలుపు కూడా ఈ ఒరబాంకేసి కుటుంబానిదే. విత్తనాలు ధూళిలా ఉంటాయి. ఆతిథ్యమిచ్చే వేరు వదిలే రసాయనాలు తగిలితేనే మొలకెత్తుతాయి. వసంతంలో పూలకంకి ఇసుకను చీల్చుకుని పైకి వస్తుంది. పూత వచ్చిందంటే కాండం గుల్లబారి, పీచు తేలి మందుకు పనికిరాకుండా పోతుంది. అందుకే తల బయటపడకముందో, అప్పుడే బయటపడుతుండగానో తవ్వుతారు.

చైనా అధికారిక ఔషధ గ్రంథమైన ఫార్మకోపియా రెండు జాతులను అంగీకరిస్తుంది. ఒకటి సాక్సాల్ మీద పెరిగే సిస్టాంకీ డెజర్టికోలా. అల్షా దానికి పెట్టింది పేరు. రెండోది టామరిస్క్ అనే పొద వేళ్ల మీద పెరిగే సిస్టాంకీ ట్యూబులోసా, ఎక్కువగా షిన్‌జియాంగ్‌లో తక్లమకాన్ ఎడారి దక్షిణపు అంచున హోతాన్ వైపు సాగవుతుంది. సీసాలోంచి ఒక ముక్క తీసి అడ్డంగా కోశాను. నాళాల కట్టలు అలలలా వంకర తిరుగుతూ వలయంగా అమరి ఉన్నాయి. అది డెజర్టికోలా లక్షణం. ట్యూబులోసాలో అవి చుక్కల్లా చెల్లాచెదురుగా ఉంటాయి. బజారులో దీనికి బదులు అంటగట్టే సువోయాంగ్ అనే మరో ఎడారి పరాన్న మొక్కా కాదు. కొడుకు చెప్పింది నిజమే, సరుకు అసలుదే.

నీళ్లలో కడిగి, అంచు కొంచెం కొరికి చూశాను. ఉప్పగా ఉంది. నానబెట్టకముందు ఎలా ఉండేదని పెద్దాయనను అడిగితే, తెల్లగా ఉప్పు పేరుకుని ఉండేదన్నారు. ఇక్కడ రెండు రకాల సరుకు ఉంటుంది. వసంతంలో తవ్వినది ఇసుక మీద ఆరబెడతారు, దాన్ని తీపి రకం అంటారు. శరదృతువులో తవ్వినవాటిలో నీరు ఎక్కువ, ఎండబెట్టడం కష్టం. పాత పద్ధతిలో వాటిని ఉప్పు సరస్సులో ఊరవేసి నిల్వ చేసేవారు. అది ఉప్పు రకం. వాడేముందు నీళ్లు మార్చి మార్చి నానబెట్టి ఉప్పు పూర్తిగా తీసేయాలని వైద్య గ్రంథాలు గట్టిగా చెబుతాయి. ఉప్పు సరస్సు పక్కనే బతికిన ఈ మనిషి ఆ పని చేయలేదు. నేరుగా మద్యంలో వేశారు. రక్తపోటు మాత్ర వేసుకుని, దాని వెనకే ఉప్పు, 52 శాతం ఆల్కహాల్ ఉన్న బైజియు అనే చైనా సారా తాగుతున్నారన్నమాట.

ఆయన వాదన ఇది: "మందుల దుకాణంలోనూ మద్యంతో చేసిన త్సోంగ్‌రోంగ్ అమ్ముతారు కదా?" అమ్ముతారు. కానీ అది మూలికను పులియబెట్టిన ధాన్యపు మద్యంతో ఆవిరి మీద ఉడికించి, ఆ మద్యమంతా మూలికలోకి ఇంకాక ఆరబెట్టిన సరుకు. తర్వాత దాన్నీ నీళ్లలోనే కాస్తారు. పైగా సంప్రదాయంలో ఆ శుద్ధి చేసినదాన్ని సత్తువకు, శుద్ధి చేయని పచ్చి రకాన్ని పేగులు కదలడానికి వాడతారు. బైజియులో ముక్కలు నానబెట్టడం ఈ రెండింటిలో ఏదీ కాదు.

రసాయనశాస్త్రం వైపు నుంచి చూసినా ఇదే తేడా కనిపిస్తుంది. సిస్టాంకీకి పేరు తెచ్చిన ఎకినకోసైడ్, ఆక్టియోసైడ్ వంటి ఫినైల్ఎథనాయిడ్ గ్లైకోసైడ్లు మద్యంలో బాగానే దిగుతాయి. సీసాకు ఆ రంగు, ఆ చేదు వచ్చాయంటే మూలికలోంచి ఏదో దిగిందనే అర్థం. పేగులను కదిలించేవి మాత్రం చక్కెర జాతి పదార్థాలని ప్రయోగాలు సూచిస్తున్నాయి: ఒలిగోసాకరైడ్లు, పాలిసాకరైడ్లు, గెలాక్టిటాల్ అనే చక్కెర ఆల్కహాల్. గెలాక్టిటాల్ వేడినీటిలో బాగా కరుగుతుంది, ఆల్కహాల్‌లో చాలా తక్కువగా కరుగుతుంది. పేగులో ఉండి నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరిచే గుణం ఇలాంటి పదార్థాలది. ఆయనకు కావలసింది సీసా అడుగున ముక్కల్లోనే మిగిలిపోయి, అక్కర్లేని ఉప్పు, మద్యం గ్లాసులోకి వచ్చాయని నా అంచనా. మద్యం మూత్రాన్ని పెంచి ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తుంది.

చికిత్స నడిచిన తీరు

మొదటి రెండు వారాలు సిస్టాంకీ ఇవ్వలేదు. సీసా, కాల్షియం మాత్రలు పూర్తిగా మానిపించాం. సునాముఖి మోతాదు సగం చేసి, తర్వాతి వారం ఆపేశాం. పొటాషియం మాత్రలు ఇచ్చాం. మధ్యలో ఇబ్బంది పడకుండా మలాన్ని మెత్తబరిచే పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి నీళ్లలో కలిపి తాగమన్నాం. ఉదయం అల్పాహారం తర్వాత పది నిమిషాలు, పాదాల కింద చిన్న పీట పెట్టుకుని కూర్చోవడం నేర్పాం. తిన్న వెంటనే పెద్దపేగు సహజంగానే కదులుతుంది, ఆ వేళను వాడుకోవాలి. రెండు వారాల చివర పొటాషియం 4.1, రక్తపోటు 142/86. విరేచనం మూడు రోజులకు ఒకసారి, ముక్కడం మాత్రం తగ్గలేదు. మద్యం, ఉప్పు మానితే ఎంత మేలు, మూలికతో ఎంత మేలు అన్నది విడదీసి చూడటానికే ఈ వ్యవధి పెట్టాను. దీన్ని దాటేసి అన్నీ ఒకేసారి మొదలుపెట్టే వైద్యుడు తర్వాత దేని గురించీ గట్టిగా మాట్లాడలేడు.

తర్వాత జి చువాన్ జియెన్ కషాయం మొదలుపెట్టాం. మింగ్ కాలపు వైద్యుడు జాంగ్ జింగ్‌యువె కూర్చిన యోగం ఇది. మేము వాడిన రోజువారీ మోతాదు: ఉప్పు లేని తీపి రకం సిస్టాంకీ 10 గ్రాములు, దాంగ్ గుయి వేరు 12, న్యూ శీ వేరు 6, జ శియె దుంప 6, షంగ్ మా 3, జి క 3. సిస్టాంకీకి ఫార్మకోపియా చెప్పిన పరిధి 6 నుంచి 10 గ్రాములు. న్యూ శీ మన ఉత్తరేణికి దగ్గరి చుట్టం. జి క అంటే పూర్తిగా పండని పుల్ల నారింజ కాయ. ఈ యోగంలో నాకు నచ్చేది షంగ్ మా. మిగతావన్నీ కిందికి దించే మూలికలైతే ఇదొక్కటి పైకి ఎత్తుతుంది. కేవలం కిందికి తోస్తే నీరసపడిన మనిషి ఇంకా నీరసపడతాడని దాన్ని కొద్దిగా కలిపారు. చాలా చైనా కషాయాల్లో అలవాటుగా పడే అతిమధురాన్ని ఇక్కడ కావాలనే కలపలేదు. అది పొటాషియాన్ని తగ్గిస్తుంది, రక్తపోటును పెంచుతుంది. ఈ రోగిలో ఆ రెండూ అప్పుడే దారికి వస్తున్నాయి.

కషాయం మొదలైన మూడో వారానికి రోజూ లేదా రోజు విడిచి రోజు విరేచనం అవుతోంది. మలం రూపాన్ని ఏడు రకాలుగా చెప్పే బ్రిస్టల్ స్కేలులో, గట్టి ఉండల్లాంటి మొదటి రకం నుంచి మామూలుగా ఉండే మూడు, నాలుగు రకాలకు వచ్చింది. పాలిఇథిలీన్ గ్లైకాల్ క్రమంగా తగ్గించి ఆపేశాం. కడుపునొప్పి లేదు. మొదట్లో కొద్దిగా గ్యాస్ పట్టి, తర్వాత తగ్గింది. నడుము చల్లదనం తగ్గిందని ఆయన చెప్పారు. కొలిచి చూపగల మాట కాదు కాబట్టి దాని మీద నేను బరువు పెట్టను.

ఇక్కడే ఆగిపోతే ఇది మామూలు విజయగాథ అయ్యేది. ఆరు మూలికల్లో దేని పని ఎంతో తెలియదు. జి క ఒక్కటే పేగును కదిలించగలదు. కాబట్టి పెద్దాయనకూ కొడుక్కీ విషయం వివరించి, ముందు ముందు ఒక విడత కషాయంలో ఒక మూలిక తీసేస్తామని, ఎప్పుడు, ఏది అన్నది చెప్పబోమని ఒప్పించాం. మా దగ్గర మందుల విభాగమే కషాయం కాచి మూసిన ప్యాకెట్లలో ఇస్తుంది కాబట్టి ఇది వీలైంది. నాలుగు వారాలు పూర్తయ్యాక రెండు వారాల పాటు సిస్టాంకీ లేకుండా మిగతా అయిదింటితోనే కాచి ఇచ్చాం.

నాలుగో రోజు కొడుకు ఫోన్ చేశారు. "కషాయం తియ్యదనం పోయిందంటున్నారు నాన్న. త్సోంగ్‌రోంగ్ తీసేశారా అని అడగమన్నారు." ముప్ఫై ఏళ్లు ఎడారిలో ఆ మొక్క రుచి తెలిసిన నాలుక. దాచడం కుదరలేదు, కాబట్టి ఆ తర్వాతి లెక్కల్లో ఆయన నమ్మకం ప్రభావం కూడా కలిసి ఉంటుందని చదివేవారు గుర్తుంచుకోవాలి. అయినా రాసి పెట్టుకున్న పట్టిక స్పష్టంగానే ఉంది. మొదటి మూడు రోజులు తేడా లేదు. రెండో వారంలో విరేచనం మూడు రోజులకు ఒకసారికి జారింది, ముక్కడం తిరిగి వచ్చింది. అయితే మునుపటిలా ఐదారు రోజులకు మాత్రం పోలేదు. సిస్టాంకీ మళ్లీ కలిపాక వారం లోపల రోజు విడిచి రోజుకు వచ్చింది.

దీన్నిబట్టి నా అభిప్రాయం: ఈ రోగిలో మెరుగుదలలో మొదటి వాటా సునాముఖి, మద్యం, కాల్షియం మానడానిది, పొటాషియం సరిదిద్దడానిది. ఆ పైన వచ్చిన మార్పులో సిస్టాంకీకి సొంత వాటా ఉంది. మిగిలిన అయిదూ ఉత్తవి కావని కూడా ఆ రెండు వారాలే చూపించాయి. ఒక్క రోగి, అదీ మూలికను రుచిపట్టేసిన రోగి కాబట్టి దీన్ని నేను సిద్ధాంతంగా నిలబెట్టను. కానీ తీసి, మళ్లీ చేర్చి చూడని వంద అనుభవాల కంటే ఇలా చూసిన ఒక కేసు నాకు ఎక్కువ నేర్పుతుంది.

మారనివి కూడా రాయాలి. రాత్రి మూత్రం నాలుగు నుంచి రెండుకు తగ్గింది గానీ అప్పటికి యూరాలజీ వారు ప్రోస్టేట్ మందు టామ్సులోసిన్ మొదలుపెట్టారు. రాత్రి మద్యం కూడా ఆగిపోయింది. ఆ ఘనత సిస్టాంకీకి ఇవ్వడం అన్యాయం. మగసిరి పెరుగుతుందనే ఆశతోనే మొదట సీసా మొదలుపెట్టానని మూడో సందర్శనలో, కొడుకు బయటికి వెళ్లాక, పెద్దాయన చెప్పారు. ఆ విషయంలో ఏ మార్పూ లేదు. ఈ మొక్క అమ్మకాలు ఎక్కువగా నడిచేది ఆ ఆశ మీదే కాబట్టి దాచకుండా రాస్తున్నాను. రక్తపోటు ఆమ్లోడిపిన్ మోతాదు మార్చకుండానే 136/84కు వచ్చింది.

ఎవరికి ఇవ్వకూడదు

ఈ కేసు చదివి ఎవరూ సొంతంగా కాచుకోవద్దు. మలం ఎండిపోయి గట్టిగా ఉండి, నోరు పిడచకట్టి, ముఖం ఎర్రబడి, నాలుక మీద పసుపు పూత ఉన్నవారికి సంప్రదాయం ప్రకారమే ఇది పడదు. విరేచనాలు అవుతున్నవారికి అసలే వద్దు. 2023 నవంబరులో చైనా ఆరోగ్య శాఖ ఎడారి సిస్టాంకీని ఆహారంగానూ వాడదగిన మూలికల జాబితాలో చేర్చింది. అప్పటి నుంచి టీలు, పానీయాలు, బిస్కెట్ల రూపంలో దుకాణాల్లో కనిపిస్తోంది. ఆ అనుమతిలోనే గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు తీసుకోరాదన్న సూచన ఉంది. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉన్న ఆ వాక్యాన్ని ముందు చదవండి.

పెద్దాయన ఆరో నెల సందర్శనకు అన్న కొడుకు, అంటే తోట పెంచే మనిషి కూడా వచ్చారు. అడవి సిస్టాంకీ తవ్వకంలో సాక్సాల్ వేళ్లు తెగి, పొదలు చచ్చి, ఇసుక కదిలేది. 2000లో డెజర్టికోలా, అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలోకి వెళ్లింది. ఇప్పుడు వారు సాక్సాల్‌ను వరసలుగా నాటి, వేళ్ల పక్కన విత్తనం చల్లి పండిస్తున్నారు. తవ్వేటప్పుడు కాండాన్ని మొదలంటా పీకకుండా, వేరుకు అతికిన అడుగు భాగాన్ని వదిలి గుంట పూడ్చేస్తారు, మళ్లీ మొలుస్తుంది. ఆయన నన్ను అడిగిందల్లా శరదృతువు సరుకు ఉప్పులో వేసి అమ్మవచ్చా అని. ఎండబెట్టే వీలుంటే ఎండబెట్టమని, లేకపోతే సంచి మీద ఉప్పు రకమని పెద్ద అక్షరాలతో రాసి, కడిగే పద్ధతి కూడా రాయమని చెప్పాను. రక్తపోటు ఉన్నవారు కొంటారన్నది ఆయనకు బాబాయి కేసుతోనే అర్థమైంది.

ప్రస్తుతం పెద్దాయన కషాయం వారానికి మూడు రోజులు తీసుకుంటున్నారు. రెండు రోజులు దాటి విరేచనం కాకపోతే పాలిఇథిలీన్ గ్లైకాల్, సునాముఖి మాత్రం వద్దు. పొటాషియం, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు మూడు నెలలకు ఒకసారి చూస్తున్నాం, అన్నీ మామూలుగా ఉన్నాయి. పేగు రంగు ఎంత తేలికపడిందో వచ్చే ఏడాది కొలనోస్కోపీలో చూస్తాం.